కారుచౌడు మడిలో జిప్సం వేస్తే సోడియం ఎక్కడికి పోతుంది?

ప్రశ్న: ఏర్పేడు విద్యార్థి

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. క్షార లోహ సమ్మేళనాల పాఠంలో సోడియం కార్బొనేట్ చర్యలు చదువుతుండగా మా పొలం గురించే ఒక సందేహం వచ్చింది. పాఠ్యపుస్తకంలో దానికి నేరుగా జవాబు దొరకనందువల్ల ఇక్కడ అడుగుతున్నాను.

మాది ఏర్పేడు మండలం. స్వర్ణముఖి వైపు దిగువన ఉన్న మా మడి కారుచౌడు, అంటే క్షార నేల. వేసవిలో నేల మీద తెల్లటి పొడి తేలుతుంది, దాన్ని వేలితో తోస్తే కింద మట్టి నల్లగా జిడ్డుగా కనిపిస్తుంది. నీరు పెడితే ఇంకదు, రోజుల తరబడి బురదగానే నిలుస్తుంది, ఆరిన తరువాత గడ్డపారకు కూడా లొంగదు. మట్టి పరీక్ష చేయిస్తే పీహెచ్ 9.6 అని వచ్చింది, జిప్సం (కాల్షియం సల్ఫేట్) వేయమని చెప్పారు. మా నాయనకు జిప్సం అంటే వేరుశనగకు పూత సమయంలో ఎకరాకు 200 కిలోలు చల్లేదిగానే తెలుసు. కాయ బాగా ఊరడానికి వేసేది చౌడుకు ఎట్లా పనిచేస్తుందని ఆయన అడిగితే, నేను నోటుపుస్తకంలో ఈ చర్య రాసి చూపించాను:

సోడియం కార్బొనేట్ + కాల్షియం సల్ఫేట్ → కాల్షియం కార్బొనేట్ + సోడియం సల్ఫేట్

రాసిన తరువాత నాకే సందేహాలు మొదలయ్యాయి. కుడివైపున కూడా సోడియం లవణమే ఉంది, అంటే సోడియం మడిలోనే ఉండిపోయింది కదా, అప్పుడు నేల బాగుపడినట్టు ఎట్లా అవుతుంది? జిప్సం నీటిలో సరిగ్గా కరగనే కరగదు, మరి ఈ చర్య కుడివైపుకు ఎందుకు నడుస్తుంది? మా పక్క పొలం పెదనాయన, జిప్సం కోసం తిరగడం ఎందుకు, అందులో పనిచేసేది కాల్షియమే అయితే సున్నం చల్లినా సరిపోతుంది కదా అంటున్నారు. ఆయన మాటకు ఏమని జవాబు చెప్పాలో తెలియడం లేదు. దయచేసి వివరించగలరు.

జవాబు: రసాయనశాస్త్ర అధ్యాపకుడు, తిరుపతి

సోడియం ఈ చర్యలో ఎక్కడికీ పోదు. పోయేది కార్బొనేట్. ముందు ఈ రెండింటినీ మనసులో విడదీసుకోండి.

సోడియం అయాన్‌కు జలవిశ్లేషణ చెందే గుణం, అంటే నీటితో చర్య జరిపి దాని పీహెచ్‌ను మార్చే గుణం లేదు. సోడియం క్లోరైడ్, సోడియం నైట్రేట్, సోడియం సల్ఫేట్ ద్రావణాలు తటస్థంగా ఉండేది అందుకే. సోడియం కార్బొనేట్ ద్రావణానికి క్షారగుణం ఇచ్చేది కార్బొనేట్ అయాన్. అది బలహీనమైన కార్బొనిక్ ఆమ్లానికి చెందినది కాబట్టి నీటి అణువు నుంచి ఒక ప్రోటాన్‌ను తీసుకొని బైకార్బొనేట్‌గా మారుతుంది, నీటిలో హైడ్రాక్సైడ్ అయాన్లు మిగులుతాయి. ప్రయోగశాలలో 0.1 మోలార్ గాఢతతో మూడు ద్రావణాలు చేసి పీహెచ్ చూడండి: సోడియం కార్బొనేట్‌కు 11.6 దగ్గర, సోడియం బైకార్బొనేట్‌కు 8.3 దగ్గర, సోడియం సల్ఫేట్‌కు 7 దగ్గర వస్తుంది. మూడింటిలోనూ ఉన్న లోహం ఒక్కటే. కాబట్టి మీ మడిలో పీహెచ్ 9.6కు చేరిందంటే అందులో సోడియం ఉందని చెప్పి ఊరుకుంటే చాలదు, ఆ సోడియం కార్బొనేట్‌తో, బైకార్బొనేట్‌తో జతకట్టి ఉందని చెప్పాలి. జిప్సం చేసే మొదటి పని ఆ జతను విడదీసి, సోడియం పక్కన సల్ఫేట్‌ను నిలబెట్టడం.

చర్య కుడివైపుకే ఎందుకు నడుస్తుందన్నది మంచి ప్రశ్న. జిప్సం తక్కువగా కరుగుతుందన్న మాట నిజమే, కానీ ఎవరితో పోల్చి తక్కువ అన్నది చూడాలి. లీటరు నీటిలో జిప్సం రెండు గ్రాములకు పైగా, అంటే 2.4 గ్రాముల దాకా కరుగుతుంది. గాలి తగలని శుద్ధమైన నీటిలో కాల్షియం కార్బొనేట్ కరిగేది లీటరుకు 13, 14 మిల్లీగ్రాములే. ద్రావణీయతా లబ్ధాలను పోల్చితే రెండింటి మధ్య దాదాపు పది వేల రెట్ల తేడా ఉంటుంది. అందువల్ల జిప్సం నుంచి వెలువడిన కాల్షియం అయాన్‌కు కార్బొనేట్ ఎదురైన వెంటనే అవక్షేపం ఏర్పడుతుంది, ద్రావణంలో కాల్షియం తగ్గుతుంది, ఆ లోటును పూడ్చడానికి మరికొంత జిప్సం కరుగుతుంది. కార్బొనేట్ అయిపోయే దాకా ఈ వరస ఆగదు. ఇందులో ఒక చిక్కు ఉంది. పెద్ద రేణువుల జిప్సం వాడితే, పుట్టిన కాల్షియం కార్బొనేట్ ఆ రేణువు మీదే పొరగా పేరుకొని లోపలి జిప్సం కరగకుండా అడ్డుపడుతుంది. మెత్తగా పొడిచేసినదాన్నే వాడాలని చెప్పడానికి ఇది ఒక ముఖ్యమైన కారణం.

ఇక మిగిలిన సోడియం సంగతి. కాల్షియం కార్బొనేట్‌ను అవక్షేపంగా నేలలోనే వదిలేసినట్టు సోడియంను కూడా ఏదో ఒక కరగని లవణంగా మార్చి అక్కడే ఉంచలేమా అని మీకు అనిపించవచ్చు. అది కుదరదు. క్షార లోహాల సాధారణ లవణాలు దాదాపు అన్నీ నీటిలో కరిగేవే. ఈ గ్రూపులో ఆ తీరుకు భిన్నంగా నడిచేది లిథియం ఒక్కటే. అయాన్ బాగా చిన్నది కావడం వల్ల దాని ఫ్లోరైడ్, ఫాస్ఫేట్ తక్కువగా కరుగుతాయి, కార్బొనేట్ కూడా 100 మిల్లీలీటర్ల నీటిలో 1.3 గ్రాముల దగ్గరే ఆగిపోతుంది. వేడికి కూడా లిథియం కార్బొనేట్ ఆక్సైడ్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోతుంది. సోడియం కార్బొనేట్ అయితే 851 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగి ద్రవం అవుతుందే తప్ప సులభంగా విడిపోదు. అంటే మన రాయలసీమ ఎండ ఎంత కాసినా మీ మడిలోని సోడియం కార్బొనేట్‌లో ఉన్న స్ఫటిక జలం పోయి తెల్లటి పొడిగా మారుతుంది, అంతకు మించి మార్పు రాదు. మీరు వేలితో తోసిన పొడిలో ఆ పదార్థం ఉండే అవకాశం చాలా ఎక్కువ. సోడియంను అవక్షేపించలేం, వేడితో పోగొట్టలేం. కరిగించి, నీటితో కిందికో పక్కకో పంపడం ఒక్కటే దారి.

సున్నం విషయంలో మాత్రం మీ పెదనాయనగారికి గట్టిగా వద్దని చెప్పండి. ఈ చర్య చూడండి:

సోడియం కార్బొనేట్ + కాల్షియం హైడ్రాక్సైడ్ → కాల్షియం కార్బొనేట్ + సోడియం హైడ్రాక్సైడ్

ఇక్కడ కూడా కార్బొనేట్ అవక్షేపంగా పోతుంది, కానీ దాని స్థానంలో సోడియం పక్కకు వచ్చి చేరేది హైడ్రాక్సైడ్. ఉప్పునీటి విద్యుద్విశ్లేషణ పద్ధతి రాకముందు పరిశ్రమల్లో కాస్టిక్ సోడా తయారు చేసింది ఈ చర్యతోనే. కారుచౌడు మడిలో సున్నం చల్లితే పొలంలోనే కాస్టిక్ సోడా తయారు చేసినట్టు అవుతుంది. సున్నం ఆమ్ల నేలలకు మందు, క్షార నేలకు కాదు. బూడిద కూడా వద్దు. కట్టెల బూడిదలో ఉండేది ముఖ్యంగా పొటాషియం కార్బొనేట్, దాని జలవిశ్లేషణ కూడా అచ్చం సోడియం కార్బొనేట్ లాంటిదే.

జవాబు: నేలల శాస్త్రం చదివిన వ్యవసాయ పట్టభద్రురాలు, చిత్తూరు

సార్ చెప్పినదంతా సరైనదే. అయితే ఆ చర్య నేలలోని నీటిలో జరిగే భాగం మాత్రమే. తమ్ముడు అడిగిన మడి బాగుపడాలంటే బంకమట్టి రేణువుల మీద జరిగే రెండో చర్యను కూడా లెక్కలోకి తీసుకోవాలి, నా అభిప్రాయంలో కారుచౌడులో అసలు బరువైన పని అదే.

బంకమట్టి పలకల ఉపరితలం మీద రుణావేశం ఉంటుంది, ఆ ఆవేశాన్ని తీర్చడానికి కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం, సోడియం అయాన్లు వాటిని అంటిపెట్టుకొని ఉంటాయి. కాల్షియంకు రెండు ధనావేశాలు ఉన్నందువల్ల అది పలకలను దగ్గరగా పట్టి ఉంచుతుంది, మట్టి రేణువులు గుంపులుగా కలిసి వాటి మధ్య నీటికీ గాలికీ సందులు మిగులుతాయి. సోడియంకు ఒక్కటే ఆవేశం, పైగా చుట్టూ నీటి అణువుల పొర మందంగా ఉంటుంది కాబట్టి పలకల మధ్య ఎడం పెరుగుతుంది. మంచి నీరు తగిలితే చాలు, రేణువులు విడివిడిగా చెదిరిపోయి ఆ సందులను పూడ్చేస్తాయి. నీరు ఇంకకపోవడం, ఆరాక గడ్డపార దిగకపోవడం, ఈ రెండూ దీనివల్లే. మార్పిడికి వీలైన అయాన్లలో సోడియం 15 శాతం దాటి, పీహెచ్ 8.5కు పైగా ఉంటూ, మొత్తం కరిగిన ఉప్పులు ఎక్కువగా లేకపోతే ఆ నేలను క్షార నేలగా వర్గీకరిస్తారు. నలుపు రంగు కూడా రసాయన చర్యే. నేలలోని హ్యూమస్ (కుళ్లిన సేంద్రియ పదార్థం) క్షారంలో కరిగి నీటితో పైకి వచ్చి, ఉపరితలం మీద ఆరిపోతుంది. పాలచౌడులో, అంటే ఉప్పు చౌడులో ఈ నలుపు కనబడదు, అక్కడ ఉండేవి ఎక్కువగా క్లోరైడ్లు, సల్ఫేట్లు, అవి హ్యూమస్‌ను కరిగించవు.

జిప్సం నుంచి వచ్చిన కాల్షియం బంకమట్టిని చేరి రెండు సోడియం అయాన్లను తోసేసి వాటి స్థానంలో తాను కూర్చుంటుంది. బయటపడిన సోడియం సల్ఫేట్‌తో కలిసి నీటిలోకి వస్తుంది. దీన్ని కళ్లారా చూడవచ్చు. రెండు గాజు సీసాల్లో మీ మడి మట్టిని ఒక్కో గుప్పెడు వేసి, బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్‌తో నింపి, ఒకదానిలో మాత్రం చెంచాడు మెత్తటి జిప్సం కలిపి, రెండింటినీ బాగా కుదిపి కిటికీలో పెట్టండి. జిప్సం వేసిన సీసాలో మట్టి ముద్దలుగా గూడుకట్టి అడుగుకు దిగి, పైనున్న నీరు కొద్ది గంటల్లో తేటపడుతుంది. రెండో సీసా మరునాటికీ మురికిగానే ఉంటుంది. మీ నాయనగారికి సమీకరణం కంటే ఆ రెండు సీసాలు చూపిస్తే నమ్మకం కుదురుతుంది.

ఎంత వేయాలన్నది అంచనాతో తేల్చే విషయం కాదు. వంద గ్రాముల మట్టిలో ఒక మిల్లీ తుల్యాంకం (అయాన్ల ఆవేశాన్ని బట్టి లెక్కించే కొలత) సోడియంను తొలగించడానికి 86 మిల్లీగ్రాముల జిప్సం కావాలి. ఎకరా నేలలో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 9 లక్షల కిలోలు ఉంటుందనుకుంటే, ఆ ఒక్క మిల్లీ తుల్యాంకానికే 770 కిలోలకు పైగా అవుతుంది. తొలగించాల్సింది మూడు నాలుగు మిల్లీ తుల్యాంకాలు ఉంటే లెక్క టన్నుల్లోకి వెళుతుంది. వేరుశనగకు వేసే 200 కిలోలు కాయకు కాల్షియం, గంధకం అందించడానికి ఉద్దేశించిన మోతాదు, అది చౌడు మడికి ఏ మూలకూ చాలదు. జిప్సం అవసరం ఎంతో ప్రత్యేకంగా పరీక్షించి చెప్పమని మట్టి నమూనా ఇచ్చేటప్పుడే అడగండి, పీహెచ్ ఒక్కటే చూసి మోతాదు నిర్ణయించకూడదు.

వేసే పద్ధతిలో తప్పు జరిగితే ఖర్చంతా వృథా. మడిని చదును చేసి, గట్లు బలంగా వేసి, జిప్సం పొడిని పై పది సెంటీమీటర్లలోనే కలిపి, వారం పది రోజులు నీరు నిలగట్టి, ఆ తరువాత నీటిని మురుగు కాలువలోకి వదలాలి. మురుగు పోయే దారి లేకుండా జిప్సం వేస్తే తమ్ముడు భయపడినట్టే జరుగుతుంది, సోడియం సల్ఫేట్ అక్కడే ఉండి, వేసవిలో మళ్లీ తెల్లగా పైకి తేలుతుంది. కడిగిన మరుసటి దఫాలో జీలుగ చల్లి పూత దశలో కలియదున్నండి. అది కుళ్లేటప్పుడు విడుదలయ్యే కార్బన్ డయాక్సైడ్ నేలలో ముందే ఉన్న కాల్షియం కార్బొనేట్‌ను కొద్దికొద్దిగా బైకార్బొనేట్‌గా కరిగించి, మరికొంత కాల్షియంను బంకమట్టికి అందిస్తుంది.

స్పందన: పలమనేరు రైతు

మాది చౌడు నేల కాదు, ఎర్ర నేల. బోరు నీళ్లు తాగితే ఉప్పగా ఉండవు, తియ్యగానే ఉంటాయి. అయినా ఆ నీటితో టమాటా పెట్టిన చేను నాలుగైదు ఏళ్లుగా బిగుసుకుపోతోంది, డ్రిప్పు రంధ్రాల దగ్గర తెల్లగా గట్టిగా పేరుకుంటోంది. పైన చెప్పిన సోడియం కార్బొనేట్ మా చేనులోకి నీటి ద్వారా రావడానికి అవకాశం ఉందా?

జవాబు: రసాయనశాస్త్ర అధ్యాపకుడు, తిరుపతి

అవకాశం ఉందండీ, నీరు తియ్యగా ఉండటం దానికి అడ్డు కాదు. మన ప్రాంతంలోని గ్రానైట్, నైస్ రాళ్లలో సోడియం ఉన్న ఫెల్డ్‌స్పార్ ఖనిజాలు ఉంటాయి. నేలలో ఇంకే నీటిలోని కార్బన్ డయాక్సైడ్ ఆ ఖనిజాలను నెమ్మదిగా బంకమట్టిగా మార్చేటప్పుడు సోడియం, బైకార్బొనేట్ అయాన్లు నీటిలో చేరతాయి. ఆ నీటిలో క్లోరైడ్ తక్కువగా ఉంటే నాలుకకు ఉప్పు తెలియదు.

ఇటువంటి నీరు చేనులో ఆవిరయ్యేటప్పుడు రెండు చర్యలు వరసగా జరుగుతాయి. మొదట కాల్షియం బైకార్బొనేట్ విడిపోయి కాల్షియం కార్బొనేట్‌గా పేరుకుంటుంది, మీ డ్రిప్పు రంధ్రాల దగ్గర తెల్లగా గట్టిపడుతున్నది చాలావరకు అదే అయి ఉంటుంది. కాల్షియం అలా పక్కకు తప్పుకున్న తరువాత ద్రావణంలో మిగిలేది సోడియం బైకార్బొనేట్, నీరు ఇంకా తగ్గేకొద్దీ అది ఇలా మారుతుంది:

సోడియం బైకార్బొనేట్ → సోడియం కార్బొనేట్ + నీరు + కార్బన్ డయాక్సైడ్

ఈ చర్యకు వంద డిగ్రీల వేడి కావాలని విద్యార్థులు అనుకుంటారు. పొడి రూపంలోని వంటసోడా త్వరగా, పూర్తిగా విడిపోవడానికి ఆ వేడి కావాలి, నిజమే. ద్రావణంలో ఉన్నప్పుడు మాత్రం, గాలిలో కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతం దగ్గరే ఉన్నందువల్ల, ఆ వాయువు ఎండకు ద్రావణం నుంచి మెల్లగా బయటికి పోతూనే ఉంటుంది, చర్య ముందుకు సాగుతూనే ఉంటుంది. ఒక్క తడిలో జరిగేది కొంచెమే. ఏళ్ల తరబడి ఒకే చేనులో జరిగితే నేల స్వభావమే మారుతుంది.

నీటి పరీక్షలో అవశేష సోడియం కార్బొనేట్ ఎంతో అడగండి. లీటరు నీటిలోని కార్బొనేట్, బైకార్బొనేట్ తుల్యాంకాల మొత్తం నుంచి కాల్షియం, మెగ్నీషియం తుల్యాంకాలను తీసివేస్తే వచ్చే సంఖ్య అది. 1.25 మిల్లీ తుల్యాంకాల లోపు ఉంటే భయం లేదు, 2.5 దాటితే ఆ నీటిని అలాగే పారించడం మంచిది కాదు. అదనంగా ఉన్న ప్రతి ఒక్క మిల్లీ తుల్యాంకానికీ లీటరుకు 86 మిల్లీగ్రాముల జిప్సం కావాలి. ఎకరాకు ఐదు సెంటీమీటర్ల తడి అంటే సుమారు 2 లక్షల లీటర్లు కాబట్టి, తడికి 17 కిలోల చొప్పున లెక్క కట్టుకోవచ్చు. నీరు జిప్సం మీదుగా పారి వచ్చేటట్టు కాలువలోనో తొట్టిలోనో ఏర్పాటు చేసుకుంటారు. డ్రిప్పు వాడేవారు మాత్రం కరగని పొడి గొట్టాల్లోకి పోకుండా చూడాలి కనుక, జిప్సంను నేలకే నేరుగా ఇవ్వడం మేలు.

స్పందన: ఏర్పేడు విద్యార్థి

అందరికీ ధన్యవాదాలు. అక్క చెప్పిన రెండు సీసాల ప్రయోగం చేశాను, జిప్సం వేసిన సీసాలో సాయంత్రానికే నీరు తేటపడింది, మా నాయన దాన్ని వెలుతురులో పెట్టి చాలాసేపు చూశారు. ఇంకొక మాట అడగాలి. మడిలోని తెల్లటి పొడి మీద నిమ్మరసం పిండితే బుసబుసమని పొంగింది. అంతమాత్రాన అది సోడియం కార్బొనేటే అని రాయవచ్చా? మడి కడిగిన తరువాత బయటికి వచ్చే నీటిని కాలేజీ ల్యాబ్‌లో పరీక్షించాలంటే ఏమి చూడాలి?

జవాబు: రసాయనశాస్త్ర అధ్యాపకుడు, తిరుపతి

రాయకూడదు. సున్నపురాయి గుళ్లు కూడా ఆమ్లంతో అలాగే పొంగుతాయి, వంటసోడా కూడా పొంగుతుంది. ఆ పొడిని డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి వడపోయండి, కాల్షియం కార్బొనేట్ వడపోత కాగితం మీదే ఆగిపోతుంది. కిందికి దిగిన తేట ద్రావణంలో రెండు చుక్కల ఫినాల్ఫ్తలీన్ వేయండి. గాఢమైన గులాబీ రంగు వస్తే కార్బొనేట్ ఉంది, బైకార్బొనేట్ మాత్రమే అయితే రంగు రాదు లేదా చాలా లేతగా వస్తుంది. అదే ద్రావణాన్ని ప్రామాణిక హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో గులాబీ రంగు పోయే దాకా అంశమాపనం (టైట్రేషన్) చేసి ఒక రీడింగు, తరువాత మిథైల్ ఆరెంజ్ వేసి కొనసాగించి మరొక రీడింగు తీసుకోండి. మొదటి దశలో కార్బొనేట్ బైకార్బొనేట్‌గా మారుతుంది, రెండో దశలో ఆ బైకార్బొనేట్, ముందునుంచీ ఉన్న బైకార్బొనేట్ రెండూ తటస్థమవుతాయి. రెండో దశకు పట్టిన ఆమ్లం మొదటి దశకు పట్టినదానికంటే ఎంత ఎక్కువో, అంత మేరకు మీ పొడిలో బైకార్బొనేట్ మొదటినుంచీ ఉన్నదని అర్థం.

కడిగిన నీటి విషయంలో సల్ఫేట్ పరీక్ష మీద ఆధారపడకండి. బేరియం క్లోరైడ్ వేస్తే తెల్లటి అవక్షేపం ఎలాగూ వస్తుంది, కరిగిన జిప్సం నుంచి వచ్చిన సల్ఫేట్ కూడా అందులో ఉంటుంది కదా. సోడియంను, కాల్షియంను విడిగా చూడండి. ఫ్లేమ్ ఫోటోమీటర్ ఉంటే రెండింటినీ కొలవవచ్చు, లేకపోతే కాల్షియంకు అమ్మోనియం ఆక్సలేట్ చాలు. వడపోసిన నీటికి కొంచెం ఎసిటిక్ ఆమ్లం చేర్చి అమ్మోనియం ఆక్సలేట్ వేస్తే, కాల్షియం ఉన్నప్పుడు కాల్షియం ఆక్సలేట్ తెల్లగా అవక్షేపిస్తుంది. మొదటి కడుగులో బంకమట్టి, కార్బొనేట్ కలిసి కాల్షియంను పట్టేసుకుంటాయి కాబట్టి బయటికి వచ్చే నీటిలో సోడియం ఎక్కువగా, కాల్షియం చాలా తక్కువగా ఉంటుంది. తరువాతి కడుగుల్లో సోడియం తగ్గుతూ కాల్షియం పెరుగుతూ వస్తే మార్పిడి సక్రమంగా జరుగుతున్నట్టు. పగుళ్ల గుండా జారిపోయిన నీరు మట్టిని తాకకుండానే జిప్సంను మోసుకొచ్చి మిమ్మల్ని పొరపాటు పడేటట్టు చేయగలదు కనుక, నీటి ఫలితంతో పాటు మడిలో మూడు నాలుగు చోట్ల నుంచి 15 సెంటీమీటర్ల లోతు మట్టి తీసి, దాని పీహెచ్ కూడా ప్రతిసారీ నోటుపుస్తకంలో పక్కనే రాసుకోండి.